శాతం ఒక్కటే కాదు, మార్కుల కాగితం కూడా ఇవ్వండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,
సదరం (వైకల్య నిర్ధారణ) శిబిరాల్లో మానసిక అనారోగ్యాన్ని అంచనా వేసే వైద్య బోర్డుల డాక్టర్లకు,
జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ గారికి,
ఎంపీడీఓలకు, మునిసిపల్ కమిషనర్లకు

నమస్కారం.

ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల దివ్యాంగ పింఛను తీసుకుంటున్నవాళ్లను 2025లో మళ్లీ వైద్య పరీక్షలకు పిలిచారు. ఆ తర్వాత ‘మీ వైకల్యం 40 శాతానికి తక్కువ’ అనో, ‘మీది తాత్కాలిక వైకల్యం’ అనో నోటీసులు వచ్చాయి. వాటిలో మానసిక జబ్బు ఉన్నవాళ్లకు అందిన నోటీసుల గురించే ఈ లేఖ. స్కిజోఫ్రెనియా, బైపోలార్, ఓసీడీ, ఏళ్ల తరబడి వదలని తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ల ఇళ్లకు మేం అర్జీలు రాసిపెడుతుంటాం. పాత చీటీలు తేదీలవారీగా సర్దిపెడుతుంటాం. ఏ ఒక్క ఆసుపత్రి మీదా, ఏ ఒక్క డాక్టరు మీదా ఇది ఫిర్యాదు కాదు. పద్ధతిలో ఎక్కడ తేడా వస్తోందో చెప్పడానికే రాస్తున్నాం.

తనిఖీ వద్దని మేం అనం. వైకల్యం లేనివాడు తెచ్చుకున్న దొంగ సర్టిఫికెట్టు నిజంగా ఉన్నవాడి నోటికాడ కూడు తీసేస్తుంది. ఏరివేయండి. కానీ ఏరేటప్పుడు చెవికి ఆడియోమెట్రీ ఉంది, కంటికి చార్టు ఉంది, కాలికి కీలు ఎంతవరకు వంగుతుందో కొలిచే పద్ధతి ఉంది. మనసుకు స్కానింగు లేదు, రక్తపరీక్ష లేదు. ఉన్నదల్లా ఒక ప్రశ్నల పట్టిక. దాని పేరు ఐడియాస్. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ మన దేశం కోసం తయారుచేసిన కొలమానం అది. కేంద్రం నోటిఫై చేసిన వైకల్య నిర్ధారణ మార్గదర్శకాల్లో మానసిక అనారోగ్యానికి వాడమన్నది దాన్నే. ఆ పట్టికను పూర్తిగా నింపితేనే వచ్చిన శాతానికి అర్థం. నింపకుండా వేసిన శాతం ఊహే అవుతుంది.

పట్టిక ఎలా ఉంటుందో డాక్టర్లకు తెలుసు. నోటీసు మీద సంతకం పెట్టే అధికారులకూ, నోటీసు అందుకున్న ఇళ్లకూ తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. చూసేవి నాలుగు విషయాలు. తన ఒంటి సంగతి తాను చూసుకోవడం. మనుషులతో మెలగడం. చెప్పింది అర్థం చేసుకోవడం, తన మాట తాను చెప్పుకోవడం. పని. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. ఇబ్బంది లేకపోతే 0, పూర్తిగా చేతకాకపోతే 4. అంటే పరీక్షలో మార్కులకు ఇది తిరగేసిన లెక్క, ఎక్కువ వస్తే అంత కష్టం ఉన్నట్టు. నాలుగూ కలిపితే గరిష్ఠంగా 16. దీనికి జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్న మార్కు కలుస్తుంది. రెండేళ్ల లోపైతే 1, రెండు నుంచి అయిదేళ్లకు 2, ఆరు నుంచి పదేళ్లకు 3, పదేళ్లు దాటితే 4. మొత్తం 20. అందులో 8 వచ్చినవాళ్లు మధ్యస్థ వైకల్యం కిందికి వస్తారు, అంటే 40 నుంచి 70 శాతం మధ్య. 14 నుంచి 19 తీవ్రం, 71 నుంచి 99 శాతం. 20 వస్తే నూటికి నూరు.

ఒక లెక్క వేద్దాం. నాలుగు విషయాల్లోనూ ఒక్కో మార్కు పడిన మనిషిని తీసుకోండి. అన్నిట్లోనూ కొద్దిపాటి ఇబ్బంది ఉంది, మొత్తం 4. జబ్బు మొదలై పన్నెండేళ్లయిందని చూపగలిగితే ఇంకో 4 కలిసి 8 అవుతుంది, 40 శాతం గీత దాటతాడు. అదే మనిషి కిందటేడాది నుంచి ఉన్న చీటీలు మాత్రమే తెచ్చుకుంటే కలిసేది 1. మొత్తం 5. గీతకు కిందే ఆగిపోతాడు. జబ్బులో తేడా లేదు, బతుకులో తేడా లేదు. తేడా అంతా సంచిలో తెచ్చుకున్న కాగితాల్లో ఉంది.

నోటీసులో ఈ లెక్క ఉండదు. శాతం ఒక్కటే ఉంటుంది. పని దగ్గర సున్నా పడిందా, ఏళ్ల దగ్గర ఒకటే పడిందా అన్నది ఆ ఇంటికి తెలియదు. తెలియనప్పుడు అప్పీలులో ఏం రాయాలి? ‘అయ్యా మాది పేద కుటుంబం, దయచేసి పింఛను ఇప్పించండి’ అని రాస్తారు. పేదరికం గురించి రాస్తే శాతం మారదు. మేం చూసే అర్జీల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి, ఎక్కువ భాగం వీగిపోయేదీ ఇందుకే.

ఇక మార్కులు ఎక్కడ జారిపోతాయో చూడండి.

ఒంటి శుభ్రతతో మొదలుపెడదాం. పెద్ద డాక్టరు దగ్గరికి పోతున్నామని తల్లి తెల్లవారుజామునే లేచి కొడుక్కి తలంటి పోస్తుంది. మంగలి దగ్గర గడ్డం గీయిస్తుంది. ఇస్త్రీ చొక్కా తొడుగుతుంది. మన ఊళ్లలో అది మర్యాద. బోర్డు ముందు కూర్చునేటప్పటికి ఆ మనిషి శుభ్రంగా ఉంటాడు, స్వీయ సంరక్షణకు సున్నా పడుతుంది. వారంలో ఎన్నిరోజులు తనంతట తాను స్నానం చేస్తాడు, ఎవరు నీళ్లు తోడి బలవంతం చేస్తే చేస్తాడు, తిండి పెట్టకపోతే అడుగుతాడా అన్నవి అడిగితేగానీ బయటికి రావు.

మాట్లాడే విషయంలో ఇంకో తంటా. ‘నీ పేరేంటి, ఇది ఏ ఊరు, ఈరోజు ఏ వారం’ అని అడుగుతారు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్లలో చాలామంది వీటికి టకటకా జవాబు చెప్పేస్తారు. ఆ ప్రశ్నలు స్పృహ ఉందో లేదో చూడటానికి పనికొస్తాయి. ఈ జబ్బు తెచ్చిపెట్టే వైకల్యం వేరేచోట ఉంటుంది. నలుగురు కూర్చున్నచోట కూర్చోలేకపోవడం, టీవీలో తన గురించే చెబుతున్నారనుకోవడం, అంగడికి పంపితే సగం దారిలో ఎందుకొచ్చాడో మరిచిపోయి తిరిగి రావడం, పగలంతా గోడకానుకుని ఉండిపోవడం. చురుకు చచ్చిపోవడమే ఈ జబ్బులో అన్నిటికన్నా మొండి లక్షణం. భ్రమలు, గొంతులు వినపడటం మందులకు తగ్గుతాయి గానీ ఇది అంత తొందరగా తగ్గదు. అయిదు నిమిషాల మాటల్లో కనపడదు కూడా.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. తనకు జబ్బు ఉందని తెలియకపోవడం ఈ జబ్బులోనే ఒక భాగం. ‘ఎట్టున్నావబ్బాయ్?’ అని డాక్టరు అడిగితే ‘బాగానే ఉండాను సార్’ అంటాడు. ‘మందులు వేసుకుంటా ఉండావా?’ ‘నాకేం జబ్బు సార్, మా అమ్మే ఊరకే ఏస్తాది.’ ఈ జవాబును కోలుకున్నట్టుగా రాసుకుంటే వైకల్యానికి గుర్తుగా ఉన్నదాన్నే ఆరోగ్యానికి గుర్తుగా తీసుకున్నట్టవుతుంది. అందుకే ఈ కొలమానం రోగిని ఒక్కడినే అడిగి మార్కులు వెయ్యమనదు. దగ్గరుండి చూసుకునేవాళ్లను కూడా అడగాలి, చికిత్స రికార్డులు చూడాలి. శిబిరంలో వరస పెద్దది, తోడు వచ్చినవాళ్లను తలుపు బయటే నిలబెడతారు. లోపలికి పిలిచినా రోగి పక్కన కూర్చోబెట్టి అడిగితే తల్లి నిజం చెప్పదు. వాడి ముందు ‘కొడతాడు సార్’ అని ఎలా అంటుంది? సాయంత్రం మళ్లీ వాడితోనే బస్సెక్కి ఇంటికి పోవాలి. తోడు వచ్చినవాళ్లతో విడిగా పది నిమిషాలు మాట్లాడాలి. వరస పెద్దదైతే రోజుకు పిలిచేవాళ్ల సంఖ్య తగ్గించండి.

పని సంగతి వేరుగా చెప్పాలి, ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ఉద్యోగం లేదా సొంత పని చేసేవాళ్లకు ఒకలా, ఇల్లు చూసుకునేవాళ్లకు ఒకలా, చదువుకునేవాళ్లకు ఒకలా ఈ మార్కు వెయ్యాలని ఐడియాస్ చెబుతుంది. ఇంటి ఇల్లాలిని ‘పనికి పోతావా?’ అని అడిగితే ‘లేదండి, ఇంట్లోనే ఉంటా’ అంటుంది. అంతటితో ఆ ప్రశ్న ముగిసిపోతుంది. ఆమెకు ఇంటిపనే పని. పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోయి మాడబెట్టడం వారంలో ఎన్నిసార్లు, గ్యాసు కట్టేయడానికి ఎవరైనా కాపలా ఉండాలా, పిల్లల్ని బడికి ఎవరు తయారుచేస్తున్నారు, అత్తగారో ఆడబిడ్డో చేస్తున్న పనుల్లో ఎన్ని ఈమె చెయ్యాల్సినవి అని అడగాలి. మగవాళ్ల విషయంలో ఉపాధి హామీ మస్టరులో పేరుందని, రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలాకు పోయాడని పని చెయ్యగలడని తేల్చేస్తారు. మస్టరులో పేరు ఉండటం ఒకటి, పని ఇచ్చిన రోజుల్లో ఎన్ని రోజులు పోయాడు, ఎన్ని గంటలకు తిరిగొచ్చాడు, కొలత ప్రకారం ఎంత కూలి పడింది, పక్కన అన్న ఉండి గుంట తవ్వితేనే పడిందా అన్నది ఇంకొకటి. పొగాకు బ్యారన్ దగ్గర సీజనంతా నిలబడి పనిచేసిన మనిషి ఇప్పుడు రెండు గంటలకే ఆకు కింద పడేసి వెళ్లిపోతున్నాడంటే, వెళ్లాడన్న మాట మాత్రం రాసుకోవడం న్యాయం కాదు.

మందుల మీద స్థిమితంగా ఉన్నాడన్న ఒక్క వాక్యంతో చాలా పింఛన్లు ఆగిపోయే ప్రమాదం ఉంది. బీపీ మాత్ర మింగినాక మిషను 120 చూపించిందని ఆ మనిషికి బీపీ జబ్బు లేదని ఎవరూ అనరు. స్థిమితం అంటే కేకలు, కొట్లాటలు ఆగడం. పని చేయగలగడం దానికి అర్థం కాదు. పైగా ఆ మందులే ఒంటిని లాగేస్తాయి. ఓలాంజపిన్ వేసుకుంటే నిద్ర, బరువు. హాలోపెరిడాల్ లాంటి వాటికి చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకోవడం. క్లోజపిన్ అయితే నోట్లో చొంగ, దానికితోడు తెల్లకణాలు పడిపోతాయేమోనని మాటిమాటికీ రక్తపరీక్ష. లిథియం వాడేవాళ్లకు రక్తంలో దాని మోతాదు చూసుకుంటూ ఉండాలి, ఎండాకాలం ఒంట్లో నీరు తగ్గితే అది విషమవుతుంది. మన నెల్లూరు ఎండల్లో మేకల వెంట తిరగమనో, కోత కోయమనో లిథియం మీద ఉన్న మనిషికి ఏ డాక్టరూ చెప్పడు. నెలకో పదిహేను రోజులకో వేసే ఫ్లూఫెనజిన్ ఇంజెక్షను వేయించుకున్న రెండు మూడు రోజులు కదల్లేకుండా పడుకునేవాళ్లు ఉంటారు. ఈ ఖర్చు, ఈ మందకొడితనం రెండూ పింఛనుతో నెట్టుకొస్తున్నవే. పింఛను ఆగితే ఇంట్లో మొదట ఆగేది మందు, మందు ఆగితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంటుంది. అప్పుడు బోర్డు ముందుకు వస్తే శాతం పెరిగే ఉంటుంది. అందుకోసం ఆగాలా?

ఇంకో తప్పు కాగితం స్థాయిలోనే జరుగుతోంది. బుద్ధిమాంద్యం వేరు, మానసిక అనారోగ్యం వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇవి రెండూ విడివిడిగా ఉన్నాయి. పాత సదరం సర్టిఫికెట్లలో కొన్నిచోట్ల ఒకటి ఉండాల్సినచోట ఇంకొకటి పడింది. మళ్లీ పరీక్షకు వచ్చినప్పుడు కంప్యూటర్లో ఉన్న మాటను బట్టి ఆ మనిషికి ఐక్యూ (తెలివితేటల) పరీక్ష పెడతారు. డిగ్రీ చదివి, ఇరవై రెండో ఏట బైపోలార్ వచ్చిన కుర్రాడికి ఐక్యూ 95 రాక ఏమవుతుంది? వైకల్యం లేదని తేలుతుంది. అది అతని జబ్బును కొలిచే పరీక్షే కాదు. ఇలాంటి కేసుల్లో శాతం మీద వాదించే ముందు వైకల్యం రకాన్ని దిద్దాలి. ఆ దిద్దుబాటు కోసం మళ్లీ కొత్తగా స్లాట్ బుక్ చేసుకుని మొదటి నుంచి రమ్మనడం మాని, బోర్డే అక్కడికక్కడ మార్చి ఐడియాస్ పట్టిక నింపేలా ఆదేశం ఇవ్వండి.

ఏళ్ల మార్కు దగ్గరికి మళ్లీ రావాలి. ఈ జిల్లాలో దాన్ని రుజువు చేయడం ఎందుకు కష్టమో బయటి ఊరి డాక్టర్లకు తెలియకపోవచ్చు. మనసు జబ్బు వస్తే మన దగ్గర మొదటి అడుగు ఆసుపత్రికి పడదు. అనుమసముద్రంపేట రహమతాబాద్ దర్గాకు పోతారు, అక్కడే నెలలు ఉండిపోతారు. కులమతాలతో పనిలేదు, అందరూ పోతారు. వాళ్ల నమ్మకాన్ని మేం తప్పుపట్టం. కానీ దర్గాలో ఉన్నన్నాళ్లకు ఓపీ చీటీ ఉండదు. ఆ తర్వాత చెన్నై పోతారు, కీల్పాక్ ఆసుపత్రి అని మనవాళ్లు పిలిచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు. లేదా వేలూరు. ఆ రికార్డులు పక్క రాష్ట్రంవి. సదరంలో కనపడవు. నెల్లూరులో ప్రైవేటు డాక్టరు రాసిచ్చిన చిన్న చీటీ వానకు తడిసి ఉంటుంది. ఇలా పదిహేనేళ్ల జబ్బు కాగితం మీద రెండేళ్లకు కుదించుకుపోతుంది. పక్క రాష్ట్రం ఆసుపత్రి చీటీ, ప్రైవేటు డాక్టరు చీటీ, మందుల షాపు బిల్లు, పాత సదరం సర్టిఫికెట్టు మీది తేదీ, ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం రాసిచ్చే కాగితం, ఇవన్నీ ఏళ్ల లెక్కకు పరిగణనలోకి తీసుకోవాలని బోర్డులకు రాతపూర్వకంగా చెప్పండి. పాత సదరం సర్టిఫికెట్టునైనా చూస్తే చాలు. 2012లో ప్రభుత్వమే జబ్బు ఉందని రాసిచ్చిన మనిషికి 2025లో ‘రెండేళ్ల లోపు’ అని మార్కు వేయడానికి వీల్లేదు కదా.

‘తాత్కాలికం’ అన్న మాట మీద కూడా స్పష్టత కావాలి. వైకల్యం కాలంతోపాటు మారే అవకాశం ఉంటే సర్టిఫికెట్టు ఎప్పటివరకు చెల్లుతుందో రాయాలని 2017 నాటి దివ్యాంగుల హక్కుల నిబంధనలు చెబుతాయి. మానసిక జబ్బుల్లో డాక్టర్లు అలాగే రాస్తారు, రాయాలి కూడా. కానీ గడువు రాయడం అంటే గడువులోపు వైకల్యం లేదని కాదు. 55 శాతం, అయిదేళ్లు అని రాసి ఉంటే ఆ అయిదేళ్లూ ఆ మనిషికి 55 శాతం వైకల్యం ఉన్నట్టే. తాత్కాలికం అన్న ముద్ర చూసి పింఛను ఆపితే మానసిక జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు ఎవరూ మిగలరు. గడువు ముగిసే మూడు నెలల ముందే సచివాలయం నుంచి కబురు పంపి స్లాట్ ఇప్పించండి. స్లాట్ దొరకక గడువు దాటితే ఆ తప్పు పింఛనుదారుది కాదు.

దూరం గురించి రెండు మాటలు. ఉదయగిరి నుంచి నెల్లూరు ఇంచుమించు నూరు కిలోమీటర్లు, సీతారామపురం ఇంకా అవతల. బస్సులో జనం మధ్య కూర్చోలేని మనిషిని తీసుకుని ఒక తల్లి వచ్చేసరికి పన్నెండవుతుంది. వేళకు రానందుకు ‘గైర్హాజరు’ అని రాస్తారు. సైకియాట్రిస్టు నెలకొక రోజు ఆత్మకూరు, ఉదయగిరి, కావలి వైపు వెళ్తే ఈ గైర్హాజరుల్లో సగం ఉండవు.

ఇప్పుడు అప్పీలు సంగతి. ఇక్కడ రెండు వేర్వేరు నిర్ణయాలు ఉన్నాయి, వాటిని ఒకటిగా చూడటం వల్ల జనం కాళ్లరిగేలా తిరుగుతున్నారు. వైకల్యం ఎంత శాతం అన్నది వైద్య బోర్డు నిర్ణయం. పింఛను ఇవ్వాలా ఆపాలా అన్నది ఎంపీడీఓ లేదా మునిసిపల్ కమిషనర్ దగ్గరి నిర్ణయం. నోటీసు పట్టుకుని ఎంపీడీఓ దగ్గరికి పోతే ఆయన శాతం మార్చలేడు, మళ్లీ పరీక్షకు పంపగలడు. అక్కడ కూడా అదే తీరులో అయిదు నిమిషాల్లో చూస్తే అదే శాతం వస్తుంది. బోర్డు నిర్ణయం మీద విడిగా అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. సర్టిఫికెట్టు నిరాకరిస్తే కారణాలు రాతలో ఇవ్వాలని నిబంధనల్లో ఉంది. ఆ అప్పీలు ఈ జిల్లావాళ్లు ఎవరికి పెట్టుకోవాలో, ఎన్నిరోజుల్లో పెట్టుకోవాలో ప్రతి నోటీసు కింద తెలుగులో రెండు వరుసలు ముద్రించండి. నోటీసుకు మార్కుల కాగితం జతచేయండి. ఈ రెండిటికీ ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఒక పేజీ జిరాక్సు.

అప్పీలు తేలేదాకా పింఛను ఆపవద్దు. ఆపి, తర్వాత గెలిస్తే బకాయి ఇస్తామనడం మందు ఆగిన మనిషికి పనికిరాదు.

ఈ లేఖను సచివాలయాల దగ్గర పింఛనుదారుల కుటుంబాలు కూడా చదువుతాయి కాబట్టి వాళ్లకు కొన్ని సంగతులు.

ముందు మీ నోటీసులో కారణం ఏముందో చూడండి. కరెంటు 300 యూనిట్లు దాటిందనో, పొలం ఎక్కువ ఉందనో, కారు ఉందనో ఆగితే అది వైద్యం సంగతి కాదు, డాక్టరు చీటీలు పెట్టి లాభం లేదు. వరుసగా మూడు నెలలు పింఛను తీసుకోక ఆగిందేమో చూసుకోండి. ఆసుపత్రిలో చేర్చినప్పుడో, మనిషి ఎటో వెళ్లిపోయినప్పుడో ఇలా జరుగుతుంది. శాతం తక్కువనో తాత్కాలికమనో ఉంటేనే కింది పనులు.

తెల్లకాగితం మీద జబ్బు మొదలైన ఏడాది నుంచి ఇప్పటిదాకా వరసగా రాయండి. ఏ ఏడాది, ఏ ఊరి ఆసుపత్రి, ఎన్నిరోజులు చేర్చారు, ఏ మందు. ఒక పేజీ దాటనివ్వొద్దు, డాక్టరు చదవడు. ప్రతి వరుసకు ఒక కాగితం జతచేసి నంబరు వేయండి. పాత చీటీలు పోయుంటే చూపించిన ఆసుపత్రికి అర్జీ పెట్టండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం తన వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు రోగికి ఉంది. ఆ చట్టం కింద వచ్చిన 2018 నిబంధనల ప్రకారం అర్జీ అందిన 15 రోజుల్లో ప్రాథమిక రికార్డు ఇవ్వాలి.

రెండో కాగితం, దగ్గరుండి చూసుకునేవాళ్ల వాంగ్మూలం. దీన్ని ఆ నాలుగు విషయాల కిందే రాయండి. ‘సరిగా స్నానం చెయ్యడు’ అని రాస్తే మార్కు పడదు. ‘వారానికి ఒకసారి, అదీ తండ్రి నీళ్లు పోస్తేనే’ అని రాయండి. ‘ఎవరితో కలవడు’ అని కాదు, ‘చెల్లెలి పెళ్లికి ఇంట్లోంచి బయటికి రాలేదు, చుట్టాలొస్తే పెరట్లోకి పోతాడు’ అని రాయండి. ‘పని చెయ్యడు’ అని కాదు, ‘కిందటి వరి కోతల్లో నాలుగు రోజులు పోయి రోజూ పది గంటలకే తిరిగొచ్చేశాడు’ అని. చెయ్యగలిగినవి కూడా రాయండి. అన్నీ చేతకాదని రాస్తే, బోర్డు ముందు తన పేరు తాను చెప్పిన క్షణాన మీ కాగితం మీద నమ్మకం పోతుంది. గత నెల ఒక్కటే కాదు, జబ్బు ఎక్కువైన రోజుల్లో ఎలా ఉంటాడో వేరుగా రాయండి. బైపోలార్ ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం, రెండు విడతల మధ్య మామూలుగానే కనిపిస్తారు.

బోర్డు రోజున మందు మానిపించి తీసుకురావొద్దు. జబ్బు కనపడాలని అలా చేసేవాళ్లున్నారు. మనిషి ప్రాణం మీదికి వస్తుంది. రోజూ ఎలా ఉంటాడో అలాగే తీసుకురండి, ప్రత్యేకంగా తయారుచేయకండి. వాడుతున్న మందుల అట్టలు తెచ్చుకోండి. ‘దగ్గరుండి చూసుకునేవాళ్లతో విడిగా మాట్లాడమని కోరుతున్నాం’ అని ఒక చిన్న అర్జీ ముందే ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. రోగి స్వయంగా దరఖాస్తు చేసుకోలేని స్థితిలో ఉంటే చట్టబద్ధ సంరక్షకుడు, లేదా రిజిస్టరైన సంస్థ అతని తరఫున చేయవచ్చు. చేతిలో యూడీఐడీ (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు) కార్డు ఉంది కదా అని ధీమాగా ఉండకండి. తెల్ల కార్డు అంటే 40 శాతం లోపు అని, పసుపు, నీలం కార్డులకే 40 పైన.

మార్కుల కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి ఫీజు 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఏమీ లేదు. జవాబుకు గడువు 30 రోజులు. అప్పీలు గడువు అంతకంటే ముందే ముగిసేలా ఉంటే ఆగొద్దు. అప్పీలు ముందు పెట్టి, ‘మార్కుల వివరాలు అందాక అదనపు కాగితాలు ఇస్తాం’ అని అందులోనే రాయండి. సోమవారం కలెక్టరేట్‌ తిక్కన ప్రాంగణంలో అర్జీ ఇస్తే రసీదు నంబరు తీసుకోవడం మరవకండి. వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి లేదా 15100కు ఫోన్ చేయండి. దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు కూడా ఫిర్యాదు చేసుకోవచ్చు. సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారాలు ఆ కమిషనర్‌కు ఉన్నాయి. 60 దాటినవాళ్లు వృద్ధాప్య పింఛనుకు మార్చమని అడగవచ్చు, అది 4,000. అయితే అప్పీలు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టకండి. ఈ తిరుగుళ్ల మధ్య ఇంట్లో పరిస్థితి చేయి దాటితే 14416కు పగలైనా రాత్రయినా ఫోన్ చేయండి, టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

కలెక్టర్ గారూ, మా కోరికల్లో చట్టం మార్చాల్సినది ఒక్కటీ లేదు. ఇప్పటికే మానసిక అనారోగ్యం కేటగిరీలో నోటీసులు అందుకున్నవాళ్ల ఫైళ్లు తెప్పించి చూడండి. ఏ ఫైల్లో నాలుగు మార్కులు, ఏళ్ల మార్కు విడివిడిగా లేవో, ఏ ఫైల్లో సైకియాట్రిస్టు సంతకం లేదో, ఏ ఫైల్లో ఐక్యూ పరీక్ష మాత్రమే ఉందో వాటిని పక్కకు తీయండి. వాళ్లను మళ్లీ అప్పీలు పెట్టుకోమనకుండా మీరే తిరిగి పరీక్షకు పిలవండి, అప్పటిదాకా ఒకటో తారీఖు పింఛను సచివాలయం నుంచి యథాప్రకారం అందేలా ఎంపీడీఓలకు ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల కుటుంబాలకు పింఛను అర్జీలు రాసిపెట్టే కొందరం,
నెల్లూరు

ప్రతులు: దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్ గారికి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి గారికి